భయాల పెట్టెలో నాలుగో తరగతి గది

మా ఊరి పేరు రాయడం లేదు. రాస్తే పైవాళ్లెవరైనా చదివి మా బడికి ఇంకో పథకం మంజూరు చేస్తారేమోనని భయం. ఊరు కోస్తాలో ఉంది. మునిసిపాలిటీ అయి ఆరేళ్లయింది. అప్పటి నుంచి కుళాయిలు తగ్గాయి, బోర్డులు పెరిగాయి. ఇంతవరకు చెప్తే ప్రమాదం లేదనుకుంటాను.

నా పేరు అంకమ్మ. ఎనిమిదో తరగతి చదివాను. ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయన బ్రహ్మయ్య ఆటో తోలతాడు. ఆటో వీధి మలుపు తిరిగిన దగ్గర్నుంచి మళ్లీ గుమ్మం ముందు ఆగేదాకా నాకు బ్రేకులే కళ్ల ముందు కనపడుతూ ఉంటాయి. మా అమ్మాయి మోక్షిత నాలుగో తరగతి. మూడో బల్ల మీద గోడ వైపు కూర్చుంటుంది. సరిగ్గా దాని నెత్తి మీద స్లాబుకి పగులు ఉంది.

ఆ పగులు నేను చూసింది తల్లిదండ్రుల మీటింగు రోజున. అందరూ టీచరు గారి వైపు చూస్తుంటే నేను పైకి చూశాను. ఎక్కడికి వెళ్లినా ముందు పైకి చూడటం నా అలవాటు, ఫ్యాను సరిగ్గా బిగించారో లేదోనని. అప్పటికి అందులో అగ్గిపుల్ల పట్టేటట్టుంది. దసరా సెలవులయ్యాక స్టూలు ఎక్కి చూస్తే పెన్సిలు పట్టింది.

పెద్ద టీచరు ఎస్తేరు రాణి గారి దగ్గర ఏడ్చినంత పని చేశాను.

"నేను రాయని కాగితం లేదమ్మా అంకమ్మా" అన్నారావిడ. "వానొస్తే పిల్లల్ని వరండాలోకి లాక్కొస్తన్నా. ఆ వరండా కూడా అంతంతమాత్రమే. ఏ చెట్టు కిందన్నా కూర్చోబెడదామంటే, గదులుండగా బయట చదువు చెప్పకూడదని సర్క్యులర్ ఉంది."

అలాంటప్పుడు మా బడికి కొత్త గదులు మంజూరయ్యాయని కబురొచ్చింది. ఏడుగురితో ఒక సంఘం వేయాలన్నారు. సైకిల్ షాపు మీరావలి లేచి నా పేరు చెప్పాడు.

"అంకమ్మక్కని పెట్టండి. ఆమెకి రాని భయమంటూ లేదు. ఆమె సరే అన్నదంటే ఆ బిల్డింగు భూకంపమొచ్చినా పడదు."

అందరూ నవ్వారు. నేను మాత్రం నిజమే కదా అనుకున్నాను.

*

మొదటి సమావేశానికి జిల్లా నుంచి సమన్వయాధికారి చక్రధర్ గారు వచ్చారు. వెంట ఒక పెద్ద టీవీ, దాన్ని నడపడానికి ఇంజనీరు ఫణిభూషణ్ గారు. చక్రధర్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఇది కేవలం భవన నిర్మాణం కాదు. ఇది భాగస్వామ్య పూర్వక, సుస్థిర, తొలి దశ డిజిటల్ రూపకల్పనా ప్రస్థానం."

సుస్థిర అనే మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. సు అంటే బాగా. స్థిరం అంటే కదలకుండా ఉండేది. బాగా కదలకుండా ఉండే గదులు ఇస్తారట! ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. ఆయన సంతోషించి, ఎందుకు కొట్టారమ్మా అని అడిగారు. చెప్పాను.

"పొరబడ్డారు. సుస్థిరం అంటే పడిపోకుండా ఉండటం కాదు. భూమాత మీద భారం మోపకుండా ఉండటం."

"భూమ్మీద బరువు పడకుండా బిల్డింగు ఎట్టా నిలబడుద్ది సార్?" అన్నాడు మీరావలి.

"అదే రూపకల్పన" అన్నారు చక్రధర్ గారు.

ఆ టీవీలో కనపడేదాని పేరు 'హరిత సమ్మతి'. ఎడమ పక్క మన భవనం బొమ్మ ఉంటుంది. కుడి పక్క పచ్చ మార్కులు ఉంటాయి, నూటికి. సిమెంటు, ఇనుము, ఇటుక, ఏది పెట్టినా దాన్ని తయారు చేసేటప్పుడు ఎంత పొగ వచ్చిందో లెక్కగట్టి మార్కులు కోస్తుంది. కింద రెండు ఉంటాయి. ఒకటి 'నష్టభయ నమోదు గవాక్షం'. ఫణిభూషణ్ గారు దాన్ని భయాల పెట్టె అన్నారు, మేమూ అదే అన్నాం. రెండోది 'సమ్మతం' అనే బటను. భయాల పెట్టెలో ఎవరు ఏది రాసినా దానికి తగ్గట్టు బొమ్మ మారుతుంది. ఏడుగురూ తమ తమ ఫోనుల్లో సమ్మతం నొక్కితే ఆ మార్పు ఖాయమవుతుంది. అన్ని మార్పులూ అయ్యాక తొలి దశ పూర్తయి మలి దశ వస్తుంది. సిమెంటు బస్తాలు మలి దశలో దిగుతాయి.

మొదటి బొమ్మలో కింద రెండు గదులు, పైన రెండు గదులు, మెట్లు, నీలం రంగు కిటికీలు. ఎంత ముద్దుగా ఉందో! మార్కులు మాత్రం నలభై రెండు, ఎర్రగా వెలిగింది. చక్రధర్ గారి మొహం కూడా కొంచెం ఎర్రబడింది.

"ఎవరికైనా భయాలుంటే నిస్సంకోచంగా చెప్పవచ్చు" అన్నారు.

నా జీవితంలో నన్ను ఇలా అడిగినవాళ్లు లేరు. భయమని నోరు తెరిస్తే మా అత్త "మళ్లీ మొదలెట్టింది" అనేది. మా ఆయన రేడియో సౌండు పెంచేవాడు. ఇక్కడ ఒక జిల్లా అధికారి పెన్ను తెరిచి నా భయం కోసం ఎదురుచూస్తున్నారు.

"నాలుగో తరగతి స్లాబుకి పగులుంది సార్. అది పిల్లల మీద పడుద్దేమోనని..."

"మీ భయం సహేతుకమే. కానీ ఆ గది పాత భవనంలోది. పాత భవనం మన సరిహద్దు గీతకి అవతల ఉంది. హరిత సమ్మతి వేదికలో లేని వస్తువు గురించి భయపడటానికి వేదికలో వెసులుబాటు లేదు. కొత్త భవనం గురించి చెప్పండి."

ఉత్త చేతులతో కూర్చోవడం మర్యాద కాదనిపించింది. "మెట్ల మీద నుంచి పిల్లలు దొర్లితే?" అన్నాను.

ఫణిభూషణ్ గారు టైపు చేశారు. బొమ్మ ఒక్కసారి వణికింది. మెట్లు పోయాయి. మెట్లు లేవు కాబట్టి మేడ పోయింది. మార్కులు యాభై నాలుగు. చక్రధర్ గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మేం ఏడుగురం సమ్మతం నొక్కాం, త్వరగా నొక్కితే త్వరగా సిమెంటు వస్తుందని.

*

ఆ తర్వాత ప్రతి గురువారం సమావేశమే. నేను బుధవారమంతా జాకెట్లు కుడుతూ భయాలు పోగేసుకునేదాన్ని.

ఫ్యాను ఊడిపడితే? ఫ్యాన్లు తీసేశారు. ఫ్యాన్లు లేవు కాబట్టి కరెంటు తీసేశారు. కిటికీ రెక్కల మధ్య వేళ్లు నలిగితే? కిటికీలు తీసేశారు. తలుపు గొళ్లెం లోపల పడిపోయి పిల్ల లోపలే ఉండిపోతే? తలుపులు తీసేశారు. గోడ మూల నుదుటికి తగిలితే? మూలలు లేకుండా గోడల్ని గుండ్రంగా తిప్పి చూశారు. గుండ్రానికి ఇటుకలు ఎక్కువ పట్టి మార్కులు తగ్గాయి. అందుకని గోడలే తీసేశారు. ఎనభై రెండు.

"అక్కా, నీ నోరు కొంచెం అదుపులో పెట్టుకో" అన్నాడు మీరావలి సమ్మతం నొక్కుతూ. "బిల్డింగు నాలుగు స్తంభాల మీదకొచ్చింది. పెళ్లిపందిరిలా ఉంది."

"మలి దశలో గోడలు పెడతారులే తమ్ముడూ."

"పెడతారా సార్?"

"మలి దశలో తొలి దశను గౌరవించాలి" అన్నారు చక్రధర్ గారు. అవునన్నారో కాదన్నారో మాకు తెలియలేదు.

ఇంట్లో మాత్రం ప్రశాంతంగా ఉంది. "నీ భయాలన్నీ అక్కడ పారబోసి వస్తన్నావు. నాకు ఈ నెలలో బ్రేకుల గురించి ఒక్క ఫోనూ రాలే" అన్నాడు మా ఆయన.

డిసెంబరులో పాత గదికి వెళ్లి చూశాను. పగులులో నా చిటికెన వేలు పట్టింది. ఆ గురువారం వెళ్లి, ఎలాగైనా ఆ మాట గీతకి ఇవతలకి తెద్దామని ఒక ఉపాయం వేశాను.

"సార్, మా పాత స్లాబుకి పగులొచ్చింది గదా. కొత్త స్లాబుకి కూడా..."

"అమ్మా, వద్దు, అది అనొద్దు!" అన్నారు ఫణిభూషణ్ గారు, పాలిపోయిన మొహంతో.

అప్పటికే చక్రధర్ గారు తన చేత్తోనే టైపు చేసేశారు. స్లాబు పోయింది. మోయడానికి ఏమీ లేదు కాబట్టి స్తంభాలూ పోయాయి. తొంభై ఒకటి.

ఆ వారమే నాకు ఉత్తమ భాగస్వామి అని శాలువా కప్పారు. కప్పుతూ చక్రధర్ గారు అన్నారు, "ఒక సామాన్య గృహిణి తన మాతృహృదయంతో ఒక భవనాన్ని భారరహితం చేసింది." పేపరు వాళ్లు ఫొటో తీశారు. శాలువా ఇంటికి తెచ్చి కుర్చీ మీద వేస్తే మోక్షిత దాన్ని చూడకుండా నన్ను చూసింది.

"అమ్మా, మా కొత్త బడికి తలుపు నువ్వే తీయించేశావంటగా?"

"గొళ్లెం పడుద్దని తీయించా తల్లీ."

"గోడలూ?"

"తలకి తగులుతాయని."

"మరి ఇప్పుడు మేం పాత బళ్లోనే కూర్చోవాలా?"

కత్తెర పక్కన పెట్టేశాను. అప్పుడు గానీ నాకు వెలగలేదు. నా భయాల్లో పనికిమాలినవన్నీ తీసుకుని, పనికొచ్చే ఒక్కదాన్ని నా దగ్గరే వదిలేశారు.

*

భవనం కట్టేముందు నేల మీద ముగ్గు పోస్తారు కదా, గోడ ఎక్కడ, గుమ్మం ఎక్కడ అని. మా భవనంలో ఇక మిగిలింది ఆ ముగ్గే. దానికి సున్నప్పొడి వాడదామంటే, సున్నం కాల్చేటప్పుడు పొగ వస్తుందని హరిత సమ్మతి రెండు మార్కులు కోసింది. బియ్యప్పిండి అయితే కోయనన్నది. పిండి ముగ్గు ఇంజనీర్లకి రాదు కాబట్టి నన్ను పిలిచారు. నలభై అడుగుల గది, రెండు గుమ్మాలు, ఒక వరండా వేశాను. తెల్లారేసరికి ఉత్తరపు గోడని చీమలు పట్టుకుపోయాయి. జీవవైవిధ్యానికి తోడ్పాటు అని టీవీ ఇంకో మార్కు కలిపింది.

జనవరిలో చక్రధర్ గారు తనిఖీకి వచ్చారు. కారు దిగి నేరుగా గదిలోకి నడిచారు.

"సార్, సార్, గోడ!" అని అరిచారు ఫణిభూషణ్ గారు.

చక్రధర్ గారు ఉలిక్కిపడి వెనక్కి వచ్చి, చుట్టూ తిరిగి, గుమ్మంలోంచి లోపలికి వచ్చారు. అలవాటుగా తల కూడా కొంచెం వంచారు. మధ్యలో నిలబడి, "గాలి వెలుతురు అద్భుతంగా ఉన్నాయి" అన్నారు.

తొంభై ఏడు. ఇంకా మూడు కావాలి. వంద వస్తే రాష్ట్రంలోనే మొదటిదట, పెద్ద సభట. ఆ మూడు మార్కులు ఎక్కడ పోతున్నాయో ఫణిభూషణ్ గారు వెతికి వెతికి పట్టుకున్నారు. టీవీలో చూపించారు. 'వినియోగదారుల నిశ్వాసం.'

"అంటే ఏందండీ?" అన్నారు ఎస్తేరు రాణి టీచరు గారు.

"పిల్లలు ఊపిరి వదులుతారు కదండీ. దాన్ని పొగ కింద లెక్కేస్తోంది."

చక్రధర్ గారు కళ్లు మూసుకుని ఆలోచించి తెరిచారు. "పరిష్కారం సులభం. ఈ భవనాన్ని వినియోగరహితంగా ప్రకటిద్దాం. విద్యార్థులు యథాస్థానంలో, అంటే పాత భవనంలో కొనసాగుతారు. సాయంత్రం అయిదు లోపు ఏడు సమ్మతాలు రావాలి. రాకపోతే ఈ ఏటికి దస్త్రం రద్దయి సున్నా మార్కులు పడతాయి."

అప్పుడు టైము నాలుగున్నర. పాత భవనంలోంచి మూడో ఎక్కం వల్లిస్తున్న పిల్లల గొంతులు వినపడుతున్నాయి.

*

ఆరు సమ్మతాలు టకటకా పడ్డాయి. అలవాటైన వేళ్లు. టీవీలో ఏడో గడి ఖాళీగా ఉంది.

"అంకమ్మ గారూ, మీదొక్కటే."

"నొక్కను సార్."

"కారణం?"

"భయమేస్తోంది."

"మంచిది. పెట్టెలో రాయండి."

"అది పెట్టెలో పట్టదు సార్. గీతకి అవతల ఉందని మీరే చెప్పారు గదా."

అధికారికి ఎదురు చెప్తే మా ఆయన ఆటో లైసెన్సు లాక్కుంటారేమో, రేషను కార్డు తీసేస్తారేమో, ఎన్ని అనుకున్నానో! అయినా ఫోను తీసి కొంగులో ముడేసుకున్నాను.

"అమ్మా, వంద మార్కులు" అన్నారు చక్రధర్ గారు. ఈసారి గొంతులో పథకం లేదు, మనిషే ఉన్నాడు. "నేను పైవాళ్లకి మాటిచ్చాను."

"సార్, ఒకటడుగుతా, కోప్పడొద్దు. పాస్ మార్కులెన్ని?"

"ఏమిటి?"

"వంద ఫస్టు వచ్చేవాళ్లకి. పాసవడానికి ఎన్ని రావాలి? నేను ఏడో తరగతి లెక్కల్లో ముప్పై ఆరుతో పాసయ్యా సార్. ఆ లెక్కలతోనే జాకెట్లు కుడతన్నా. ఒక్క జాకెట్టూ బిగుతయిందని తిరిగి రాలేదు."

చక్రధర్ గారు ఫణిభూషణ్ గారిని చూశారు. ఆయన మార్గదర్శకాలు తెరిచారు. నూట నలభై పేజీలు. చివరి నుంచి వెనక్కి వచ్చారు. గోరు కొరుక్కున్నారు. నాలుగు గంటల నలభై ఎనిమిది నిమిషాలకి ఆగారు.

"సార్, ముప్పై ఐదు."

"ఎక్కడుంది?"

"మొదటి పేజీలోనే సార్. ముందుమాట కింద. మనం రెండో పేజీ నుంచి చదివాం."

మీరావలి వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. "అంటే సార్, మొదటి రోజు మేడా మెట్లూ నీలం కిటికీలూ ఉన్నప్పుడే..."

"మీరావలీ, ఊరుకో నాయనా" అన్నారు ఎస్తేరు రాణి టీచరు గారు, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ. ఏడుస్తున్నారో నవ్వుతున్నారో చూడటానికి నాకు ధైర్యం చాలలేదు.

"ఇప్పుడు మేడదాకా పోవడానికి టైము లేదు" అన్నాను. "రెండు గదులు వేయండి సార్. చుట్టూ గోడలు, పైన స్లాబు, గదికి రెండు కిటికీలు, ఒక తలుపు. మూలలు మామూలుగానే ఉండనీయండి."

ఫణిభూషణ్ గారి వేళ్లు పరుగెత్తాయి. స్తంభాలు లేచాయి. స్లాబు వచ్చి కూర్చుంది. కిటికీ దగ్గర ఆయన ఆగి నా వైపు తిరిగారు.

"వేళ్లు నలిగితేనో అమ్మా?"

"నలగనీయండి సార్. నేను కొబ్బరినూనె రాస్తా."

మార్కులు కిందికి జారాయి. డెబ్బై. యాభై. నలభై అయిదు. మీరావలి చేత్తో గాలిలో ఆపబోయాడు. ఒకసారి తీసినవి మళ్లీ పెట్టినందుకు హరిత సమ్మతి జరిమానా మార్కులు కూడా కోసి, ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది.

"ఇంకో మాట సార్. రేపటి నుంచి పిల్లలు పాత గదిలో కూర్చోరు. నా ముగ్గు మీద షామియానా వేయిస్తా. టెంటు హౌసు వాళ్ల ఆవిడ నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటది. మీరు ఊ అంటేనే నొక్కేది."

"సర్క్యులర్ ఉందమ్మా. గదులుండగా బయట..."

"మీరు లోపలికొచ్చేటప్పుడు తల వంచారు గదా సార్. అది గది కాకపోతే ఎందుకు వంచారు?"

చక్రధర్ గారు గడియారం చూశారు. నాలుగు యాభై ఆరు. సున్నా కంటే ముప్పై ఎనిమిది ఎక్కువని ఆయనకీ తెలుసు. "ఊ" అన్నారు. కొంగు ముడి విప్పడం ఆలస్యమై నా ప్రాణం పోయిందనుకోండి. పళ్లతో లాగాను. ఏడు సమ్మతాలూ పడ్డాయి.

ఆయన లేచి, కండువా సర్దుకుని, పేపరు వాళ్లు లేకపోయినా ప్రకటించారు. "దీనిని మనం తగ్గుదలగా చూడరాదు. జిల్లాలో తొలిసారిగా 'తగుమాత్రపు సుస్థిరత' అనే నూతన భావనను ఈ గ్రామ మాతృమూర్తులు ఆవిష్కరించారు."

"గ్రామం కాదు సార్, మునిసిపాలిటీ" అన్నాడు మీరావలి.

*

మలి దశ నిజంగానే వచ్చింది. సిమెంటు దిగింది. ముగ్గు మీద పని మొదలయ్యాక షామియానాని పాత భవనానికి దూరంగా ఇంకో మూలకి జరిపించాను. షామియానా కింద మోక్షిత కొత్త చోట రెండో వరసలో కూర్చుంది. గాలొచ్చినప్పుడల్లా నేను వెళ్లి షామియానా కర్రలు కదిపి చూసి వచ్చేదాన్ని. పిల్లలు నన్ను చూసి "కర్రల టీచరు వచ్చింది" అని నవ్వేవాళ్లు.

ఏప్రిల్లో కొత్త గదులకి స్లాబు పోశారు. తడి ఆరకూడదని గోనెపట్టాలు కప్పి మూడు పూటలా నీళ్లు కొట్టారు. మేస్త్రి కొట్టాక నేను ఇంకో నాలుగు బిందెలు కొట్టాను.

రెండో ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి పాత నాలుగో తరగతి స్లాబు కూలింది. ఎవరి సమ్మతమూ అడగలేదు. చప్పుడు మా వీధిదాకా వచ్చింది. కుట్టుమిషను మీదున్న జాకెట్టు అలాగే వదిలేసి పరుగెత్తాను. మోక్షిత మా వాకిట్లో ఆడుకుంటోందని కళ్లారా చూసి కూడా, దారంతా దాని పేరు పిలుస్తూనే పోయాను.

గదిలో దుమ్ము ఇంకా తిరుగుతోంది. మూడో బల్ల కనపడలేదు. బల్ల ఉండాల్సిన చోట ఇనుప చువ్వలు, సిమెంటు పెళ్లలు, వాటి మీద ఎండ.

ఫణిభూషణ్ గారు కొత్త గదుల పని చూడటానికి వచ్చి ఉన్నారట. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. నన్ను చూసి నెమ్మదిగా అన్నారు.

"అమ్మా, ఆ రోజు మీరు వంద మార్కులకి నొక్కి ఉంటే..."

"ముందు మీరు ఇవతలకి రండి బాబూ" అని ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. "మీ నెత్తి మీద ఇంకో పెచ్చు ఊగుతోంది."